మెలిచేతుల పెళ్లిచొక్కా

అత్తగారు తుదోరా, తాను పోయినరోజున ఒంటికి తొడగడానికని పెట్టెలో దాచుకున్న చొక్కాను, ఆవిడ బతికుండగా ఒక్కసారి చూపించమని అడగడానికి రుక్సాంద్రాకు మూడు వారాలు పట్టింది. రోజూ పొద్దున లేస్తూనే ఇవాళ అడిగేస్తాననుకునేది. పాలు పితుకుతూ అనుకునేది, మొక్కజొన్న సంకటి కెలుకుతూ అనుకునేది. తుదోరా ముఖం కనబడగానే ఇంకేదో అడిగి ఊరుకునేది. తీరా నోరు తెరిచింది ఎప్పుడయ్యా అంటే, అత్తగారు పెరట్లో కోడిని కోస్తున్నప్పుడు.

"అత్తయ్యా, మీ పెళ్లిచొక్కా..."

"నా పెళ్లిచొక్కాకేమైంది?" తుదోరా కత్తి ఆపలేదు.

"ఏమీ కాలేదు. దాని చెయ్యి ఒక్కటి కుట్టు విప్పి, లోపల ఎలా ఉందో చూసి, మళ్లీ కుట్టేద్దామని."

అప్పుడు ఆగింది కత్తి. "నేను చచ్చాక చూద్దువుగానిలే."

"చచ్చాక అది మీ ఒంటిమీదే ఉంటుంది కదా!"

"మరదే చెబుతున్నా," అని తుదోరా కోడి రెండో కాలు పట్టుకుంది.

వ్రాంచా కొండల్లో వాలియా మోరి ఊరు ఆడవాళ్ల పద్ధతి అది. పెళ్లినాడు వేసుకున్న చొక్కాను ఉతికి, మడిచి, వాల్‌నట్ ఆకులు వేసి పెట్టెలో పెడతారు. మళ్లీ దాన్ని తొడిగేది శవపేటికలోకి దించేముందే. అలా ఊళ్లో తరతరాల మంచి చొక్కాలన్నీ యజమానురాళ్లతోపాటే చర్చి వెనక మట్టిలోకి వెళ్లిపోయాయి. వాటిలో అన్నిటికంటే అందమైనది మెలిచేతుల చొక్కా. దాని చేతులు మామూలు చేతుల్లా నిలువుగా దిగవు. ఎర్రదారం, నల్లదారం కలిపి కుట్టిన పూలవరస భుజం దగ్గర మొదలై, చేయి చుట్టూ మెలికలు తిరుగుతూ మణికట్టుదాకా జారుతుంది. కొండ చుట్టూ బాట తిరిగినట్టు ఉంటుంది చూడ్డానికి.

దాన్ని కుట్టడం తెలిసిన చివరి మనిషి రుక్సాంద్రా సొంత అమ్మమ్మ, సాందా. ఆవిడ పోయి ఏడేళ్లు. ఆవిడ మంచాన పడ్డప్పుడు చూసుకోవడానికి మనిషి కావాలని, ఎనిమిదో తరగతి అయ్యీ అవ్వగానే రుక్సాంద్రాను బడి మాన్పించారు. రెండేళ్లు అమ్మమ్మ దుప్పట్లు ఉతికింది, నోట్లో గంజి పోసింది. ఆ రెండేళ్లలో ఒక్కనాడైనా "అమ్మమ్మా, ఆ చెయ్యి ఎలా కుడతావే?" అని అడగలేదు. అడగాలని తోచనే లేదు. పేటికలో రొమ్ముమీద ముడిచిన ఆ రెండు మెలిచేతుల్నీ చూసి ఏడవడమైతే ఏడ్చింది. ఇప్పుడు ఇరవైమూడేళ్లు వచ్చాయి, చంకలో అయిదు నెలల పిల్ల ఉంది, అడగని ఆ ఒక్క ప్రశ్న మాత్రం ముల్లులా అలాగే ఉండిపోయింది.

ఆ ముల్లును కదిపింది మేడమ్ తౌతు. వస్త్రధారణ చరిత్రలో డాక్టరేటు చేసిన మనిషి. ఏప్రిల్ నుంచి ప్రతి శనివారం పట్నం బస్సు దిగి, ఊరి కమ్యూనిటీ హాల్లో రుక్సాంద్రాతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లకు పాత చొక్కాల గురించి పాఠాలు చెబుతోంది. ఏ పువ్వు ఏ లోయది, ఏ రంగు ఎప్పుడు వచ్చింది, గౌను మోజు తగిలాక ఏవేం పోయాయి, అన్నీ చెబుతుంది. చెప్పిన ప్రతిదానికీ "ఇది నాకెలా తెలిసిందంటే" అని ఆధారం చూపిస్తుంది. మెలిచేతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆవిడ గొంతు తగ్గేది. ఆవిడకు దొరికింది ఒకే ఒక్క చెయ్యి. అది కూడా ఎప్పుడో ఎవడో సేకరణ పిచ్చివాడు జిగురు పూసి అట్టకు అంటించేసి, అద్దం బిగించేసినది. పైభాగమే కనబడుతుంది, లోపలి కుట్టు కనబడదు. పైనుంచి చూసి, లెక్కలు వేసి, మూడు ముక్కలుగా కత్తిరించి అతికే నమూనా ఒకటి గీసింది ఆవిడ.

ఆ నమూనాతో పన్నెండుమందీ కుట్టారు. పన్నెండు చేతులూ మోచేతి దగ్గర పట్టేశాయి.

"మేడమ్, ఇది తొడుక్కుని పెళ్లికూతురు దండం పెట్టలేదు, పెళ్లికొడుకు చెంప పగలగొట్టనూ లేదు," అంది పక్కింటి జంఫీరా, కర్రలా బిగుసుకున్న తన చేతిని గాల్లో ఊపుతూ. "మా ఆయన అయితే మురిసిపోతాడు."

అందరితోపాటు మేడమ్ తౌతూ నవ్వింది కానీ వెంటనే కళ్లజోడు తీసి తుడుచుకుంది. "నా నమూనాలో తప్పుందని నాకూ తెలుసమ్మా. ఎక్కడుందో తెలియడం లేదు. సెప్టెంబరు ఎనిమిదిన, మేరీమాత పండగనాడు, జిల్లా సాంస్కృతిక ఆఫీసు నుంచి మనుషులు వస్తారు. ఆరోజు మనం ఏది చూపిస్తే అది పుస్తకంలోకి ఎక్కుతుంది. పుస్తకంలోది బళ్లలో నేర్పిస్తారు. తప్పు చూపిస్తే తప్పే నేర్పిస్తారు. ఆ తర్వాత ఎవరూ దిద్దరు, అచ్చులో ఉంది కదా అంటారు. నాకు లోపలివైపు చూడనిచ్చే చొక్కా ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి కావాలి."

పదకొండు తలలూ రుక్సాంద్రా వైపు తిరిగాయి. ఊళ్లో మిగిలిన ఒకే ఒక్క మెలిచేతుల చొక్కా ఎవరి పెట్టెలో ఉందో తెలియనివాళ్లు అక్కడ లేరు.

కోడి కోసిన రోజు జరిగిన సంగతి చెప్పాను కదా. ఆ తర్వాత రుక్సాంద్రా మళ్లీ అడగలేదు. అడగడానికి ధైర్యం లేక కొంత, పిల్లకు జలుబు చేసి కొంత. చంటిది ఇలింకా తుమ్మితే చాలు, రుక్సాంద్రా చేతిలో పని వదిలేసి పరిగెత్తుతుంది. నిద్రపోతున్న పిల్ల ముక్కుకింద వేలు పెట్టి ఊపిరి ఆడుతోందా లేదా అని చూడటం ఆమెకు రోజుకు ఇరవైసార్లు అలవాటు. "దాన్ని నిద్రపోనివ్వవే, నువ్వే చంపేసేట్టున్నావు," అని తుదోరా తిడుతూనే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఇలింకా ముక్కు మూసుకుపోయి, గుక్కపట్టి ఏడుస్తోంది. ఏం చేసినా ఊరుకోదు. పిల్లల్ని కట్టి పడుకోబెట్టొద్దని ఆసుపత్రి నర్సు చెప్పింది. గట్టిగా చుడితేనే పిల్ల నిద్రపోతుందని అత్తగారు చెప్పింది. ఇద్దరికీ భయపడే రుక్సాంద్రా మధ్యేమార్గంగా, దుప్పట్లో పెట్టి పైన పట్టీని వదులుగా చుట్టడం మొదలుపెట్టింది. బారెడు పొడుగు, బెత్తెడు వెడల్పు, ఒక అంచున ఎర్రగీత ఉన్న నేతపట్టీ అది. కొసను భుజం దగ్గర ఏటవాలుగా మడిచి పెట్టింది. అలా మడవకపోతే పట్టీ కిందికి దిగదు, అక్కడక్కడే కడియంలా తిరుగుతుంది. ఒక చుట్టు, రెండు చుట్లు, మూడు. పిల్ల ఊరుకుంది.

రుక్సాంద్రా చేతులు ఆగిపోయాయి.

తెల్లటి మూటమీద ఎర్రగీత భుజం నుంచి పాదాలదాకా మెలికలు తిరుగుతూ దిగింది. కొండ చుట్టూ బాట తిరిగినట్టు.

"ఓరి దేవుడో," అంది పైకే.

పాత దుప్పటి ఒకటి లాగి పొడుగ్గా చింపింది. పొయ్యి పక్కనున్న సంకటి కర్ర తీసుకుని, కొసను ఏటవాలుగా మడిచి, కర్ర చుట్టూ చుట్టింది. ఒక చుట్టు అంచు పక్క చుట్టు అంచును వచ్చి ముట్టుకుంది. ముట్టుకున్నచోటల్లా గబగబా కుట్టుకుంటూ పోయింది. కర్ర లాగేసింది. చేతిలో గొట్టం మిగిలింది. కత్తెర ముట్టలేదు, ముక్క వృథా కాలేదు, మొత్తానికి ఒకటే గుడ్డ, ఒకటే కుట్టు. మరీ సన్నం, మణికట్టుకు కూడా ఎక్కలేదు. రెండోసారి తన చేతికే వదులుగా చుట్టుకుని, ఒంటిచేత్తో పళ్లతో దారం తెంపుకుంటూ కుట్టింది. మోచేయి మడిచింది. మడిచింది! చెయ్యి పైకెత్తింది. తలకు తగిలేదాకా లేచింది! నేత ఏటవాలుగా పడింది కాబట్టి గుడ్డ సాగుతోంది. మేడమ్ మూడు ముక్కల్లో నేత నిటారుగా ఉంది, అందుకే పట్టేసింది.

తుదోరా లోపలికి వచ్చేసరికి కోడలు ఒక చేతికి చిరుగుదుప్పటి తొడుక్కుని, ఆ చేతిని కిందికీ పైకీ ఆడిస్తూ, నవ్వుతూ ఏడుస్తోంది.

"పిల్లకేనా జ్వరం, నీకు కూడానా?" అంది తుదోరా.

అక్కణ్నుంచి పండగకు అయిదు వారాలు. జంఫీరా వాళ్లమ్మ అటకమీద నుంచి చేనేత జనపనార గుడ్డ ఒక చుట్ట తెచ్చి ఇచ్చింది. చొక్కా పూర్తయ్యేదాకా మేడమ్ చెవిన వెయ్యొద్దని రుక్సాంద్రా జంఫీరాతో ఒట్టు వేయించుకుంది. రుక్సాంద్రా పిల్ల పడుకున్నప్పుడల్లా కుట్టింది. పొడుగుపట్టీ అంచున అమ్మమ్మ పూలే కుట్టింది. అత్తగారు అటు వెళుతూ ఒకసారి, ఇటు వస్తూ ఒకసారి చూసేది. "ఊఁ," అనేది. ఆ "ఊఁ"కు అర్థమేమిటో మగడు ఇలారియేను అడిగింది రుక్సాంద్రా. అతను కలప మిల్లు నుంచి వారానికోసారి వస్తాడు.

"ముప్పై ఏళ్లుగా వింటున్నా, నాకే తెలీదు," అన్నాడతను.

పండగ ముందురోజు పొద్దున చొక్కా పూర్తయింది. తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. చేతులు మడిచింది, ఎత్తింది, అన్నీ బాగున్నాయి. కానీ మెడ ఎడమవైపు జారిపోతోంది. సర్దింది, మళ్లీ జారింది. ఎంత సర్దినా ఎవరో పక్కనుంచి లాగుతున్నట్టే చొక్కా మొత్తం ఒంటిమీద మెలితిరుగుతోంది. తప్పెక్కడో తెలియలేదు. రేపు పొద్దున మేడమ్ వస్తుంది, ఆఫీసువాళ్లు వస్తారు. మంచంమీద కూలబడి చేతుల్లో ముఖం దాచుకుంది.

"ఏడిస్తే మెడ నిటారౌతుందా?" గుమ్మంలో తుదోరా.

"నాకు రాదత్తయ్యా. చదువు లేనిదాన్ని, నాకెందుకివన్నీ."

"చదువుకున్న ఆవిడకు ఒక చెయ్యి కూడా రాలేదు. నీకు ఒకటిన్నర వచ్చాయి. లే, నిలబడు." తుదోరా దగ్గరికి వచ్చి, రెండు భుజాలూ పట్టుకుని కోడల్ని అద్దం వైపు తిప్పింది. "నువ్వు పిల్లను ఎప్పుడూ కుడిచేత్తో ఒకే వైపు చుడతావు. ఇదీ అలాగే చుట్టావు. రెండు చేతులూ ఒకే వైపు తిరిగాయి. ఒకటి కొండ ఎక్కుతోంది, ఒకటి దిగుతోంది. ఇక మధ్యలో మెడ ఏం చేస్తుంది పాపం? రెండు మెలికలూ ఎదురెదురుగా నడిచి రొమ్ముమీద కలుసుకోవాలి."

"ఈ సంగతి మీకు ముందే తెలుసా?"

"వేసుకున్నదాన్ని నేను కాదుటే! కుట్టడం రాదు గానీ ఎటు తిరుగుతుందో తెలీదా?"

"మరి చెప్పలేదేం?"

"నువ్వు అడిగావా? విప్పుతానన్నావు. విప్పుతానంటే ఎవరు చెబుతారు?"

తుదోరా మెడలోని తాళంచెవి తీసింది. పెట్టె తెరిచింది. ఎండిన వాల్‌నట్ ఆకుల్ని పక్కకు తీసి చొక్కాను మంచంమీద పరిచింది. నలభై ఆరేళ్లనాటి ఎరుపు, నిన్న కుట్టినట్టుంది. రుక్సాంద్రా ముందుకు వంగింది.

"చూడు. ముట్టుకోకు."

రుక్సాంద్రా చేతులు వెనక్కి పెట్టుకుని చూసింది. నిజమే, రెండు వరసలూ భుజాల దగ్గర విడిపోయి, ఎదురెదురుగా తిరిగి వస్తున్నాయి. అది మా అమ్మమ్మ చేతిపనే అని పువ్వు చూసి గుర్తుపట్టింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

తుదోరా కాసేపు కోడలి ముఖం చూసింది. "సరే, చేతులు కడుక్కునొచ్చి ముట్టుకో."

ఎడమచేతి కుట్టు మాత్రం విప్పింది రుక్సాంద్రా. పూలు విప్పనక్కర్లేదు, పట్టీని తలకిందులు చేసి ఎదురు చుట్టు చుడితే చాలు. ఆ సాయంత్రం తుదోరాయే పిల్లను ఎత్తుకుని పెరడంతా తిరిగింది. రుక్సాంద్రా ముక్కుకింద వేలు పెట్టి చూడటానికి ఒక్కసారి కూడా లేవలేదు.

పండగనాడు చర్చి వదిలాక హాలు కిక్కిరిసింది. మేడమ్ తౌతు, జిల్లా ఆఫీసు నుంచి ఒక మగమనిషి, ఒక ఆడమనిషి ముందువరసలో కూర్చున్నారు. పిల్ల జంఫీరా వాళ్లమ్మ ఒళ్లో ఉంది. రుక్సాంద్రా ఒక తెల్లపట్టీ తీసుకుంది. కొసను ఏటవాలుగా మడిచాక వేళ్లు వాటంతటవే నడిచాయి. జంఫీరా చేతి చుట్టూ చుట్టి, అంచుకు అంచు కుట్టి చూపించింది. ఆ తర్వాత తన ఒంటిమీది కొత్తచొక్కా చేతులు రెండూ తలపైకి ఎత్తింది. వెనక వరసల్లో చప్పట్లు మొదలయ్యాయి.

మేడమ్ తౌతు చప్పట్లు కొట్టలేదు. లేచి దగ్గరికి వచ్చి, చొక్కాను నాలుగువైపులా చూసింది. కళ్లు మెరుస్తున్నాయి, కానీ గొంతు పాఠం చెప్పే గొంతే. "రుక్సాంద్రా, ఇది నా నమూనా కంటే వెయ్యిరెట్లు బాగుంది. కానీ నేను అడగాల్సింది అడగాలి కదమ్మా. పాతవాళ్లు ఇలాగే కుట్టారని నాకెలా తెలుస్తుంది? ఇది నీ తెలివే అయితే నిన్ను నెత్తిన పెట్టుకుంటాను. చరిత్రలో మాత్రం రాయలేను."

రుక్సాంద్రా ఎత్తిన చేతులు దించింది. ఆధారం అత్తగారి పెట్టెలో ఉందని చెప్పాలా? విప్పనివ్వదని చెప్పాలా?

"తప్పుకోండి, తప్పుకోండి," అని తలుపు దగ్గర గొంతు వినబడింది.

తుదోరా వస్తోంది. ఒంటిమీద మెలిచేతుల చొక్కా. పక్కలు బిగుసుకుని కుట్లు పట్టిపట్టి ఉన్నాయి, అయినా తల నిటారుగా పెట్టి నడుస్తోంది. ముసలివాళ్లు గబగబా సిలువ గుర్తు వేసుకున్నారు. పేటికలోకి వేసుకునే చొక్కా తొడుక్కుని మనిషి నడిచిరావడం ఆ ఊళ్లో ఎవరూ ఎరగరు.

"తుదోరత్తా, అది వేసుకుని తిరుగుతున్నావేంటి, చావు చూసిందంటే పిలిచావేమో అనుకుని వచ్చేస్తుంది!" అంది జంఫీరా.

"రానీ. బెంచీమీద కూర్చోబెట్టి, చెయ్యి చుట్టడం దానికి కూడా నేర్పుతుంది మా కోడలు." తుదోరా మేడమ్ తౌతు ముందు ఆగి, మణికట్టు దగ్గర గుండీ తీసి చెయ్యి చాపింది. "విప్పడానికి వీల్లేదు. లోపలికి వేలు పెట్టి చూసుకో. చక్కిలిగిలి పెట్టావో, మధ్యలో వెళ్లిపోతా."

మేడమ్ తౌతు ఉంగరం తీసేసింది. వేలిని చొక్కా చేతి లోపలికి పోనిచ్చి, కుట్టును పట్టుకుంది. కళ్లు మూసుకుంది. వేలు చేయి చుట్టూ తిరిగింది, మళ్లీ తిరిగింది. పెదాలు లెక్కపెడుతున్నాయి. మోచెయ్యి దాటింది, పైకి వెళ్లింది. చంక దగ్గర తుదోరా కిచకిచా నవ్వేసింది. వేలు ఎక్కడా తెగలేదు, ఎక్కడా రెండో కుట్టు తగల్లేదు. రెండో చేతిలో కూడా అంతే, తిరుగుడు మాత్రం ఎదురు.

"ఒకటే కుట్టు," అంది మేడమ్ తౌతు. "ఒకటే పట్టీ. పదిహేడేళ్లు... పదిహేడేళ్లు నేను కత్తెర పట్టుకుని వెతికాను." బల్లమీదున్న తన నమూనాను తీసుకుని, ఎర్రపెన్సిలుతో ఈ మూల నుంచి ఆ మూలకు కొట్టేసింది. కొట్టేసి, మనసారా నవ్వింది.

అప్పుడు చూడాలి హాలు! బెంచీలు ఎక్కారు, ఈలలు వేశారు. ఇలింకా ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది, ఆ ఏడుపు కూడా ఎవరికీ వినబడలేదు.

గోల తగ్గాక జిల్లా ఆఫీసు మనిషి కాగితం ముందుకు లాక్కున్నాడు. "బావుంది. ఇక దీన్ని నేర్పే శనివారం క్లాసులు చెప్పేవాళ్ల పేరు రాయాలి. అమ్మాయ్, నీ చదువు?"

"ఎనిమిది," అంది రుక్సాంద్రా.

"రూలు ప్రకారం పన్నెండైనా ఉండాలి. నేర్చుకునేవాళ్లకైతే ఫరవాలేదు, నేర్పేవాళ్లకు..."

"అయితే నేర్చుకునేవాళ్ల వరసలో మొదటి పేరు నాది రాయండి," అంది మేడమ్ తౌతు. "డాక్టర్ ఎల్విరా తౌతు. ఆ డాక్టరుకు పాఠం చెప్పేది ఎవరని రూలు అడిగితే, ఏం రాస్తారో మీరే ఆలోచించుకోండి."

అతను పక్కనున్న ఆడమనిషి వంక చూశాడు. ఆవిడ అప్పటికే తన పెన్నుతో రాసేస్తోంది: రుక్సాంద్రా, వాలియా మోరి.

ఇంటికి వచ్చాక తుదోరా చొక్కా విప్పి కోడలి చేతికి ఇచ్చింది. రుక్సాంద్రా దాన్ని మడిచి, ఆకులు పట్టుకుని పెట్టె దగ్గరికి నడిచింది.

"అటెక్కడికి? నీ క్లాసు ఎప్పుడు?"

"వచ్చే శనివారం."

"మరి అది పెట్టెలో ఉంటే వాళ్లు లోపల ఎలా చూస్తారు? వంతులవారీగా నేను చంకలు చాపుకుని నిలబడాలా?"

రుక్సాంద్రా అక్కడే నిలబడిపోయింది. "మరి మీకు అత్తయ్యా? ఆ రోజున..."

"నాకొకటి కొత్తది కుట్టండి. కాస్త వదులుగా, ఇది బిగుతయిపోయింది. పన్నెండుమందీ కలిసి తలో చెయ్యి వెయ్యండి, పనీ వస్తుంది." పిల్లను అందుకుని తుదోరా పొయ్యి వైపు నడిచింది. "తీరిగ్గా కుట్టండి. నాకేం తొందర లేదు."

శనివారం హాల్లో పదకొండుమంది, వాళ్ల పక్కన పన్నెండో మనిషిగా నోటుబుక్కు తెరిచి మేడమ్ తౌతు. గోడమీద మేకుకు తుదోరా చొక్కా, చేతులు లోపలివైపు బయటికి తిప్పి. బల్ల వెనక నిలబడి రుక్సాంద్రా గొంతు సవరించుకుంది. ఇంటిదగ్గర ఇలింకా ఊపిరి ఎలా ఆడుతోందో అని ఒక్క క్షణం అనిపించింది. అత్తయ్య ఉందిలే అనుకుంది.

"కత్తెరలు సంచుల్లో పెట్టేయండి," అంది గట్టిగా. "ఇక్కడ వాటితో పని లేదు."